మూడు గంటల పరీక్ష, ముప్పై రోజుల సెలవు

2018 నవంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం, బరంపురంలో మా మేడ మీద ఆరబెట్టిన అప్పడాలను మా ఆవిడ ఆజ్ఞ ప్రకారం తిరగేస్తూ ఉండగా, కింద గేటు దగ్గర నుంచి "మాస్టారూ!" అని ఎవరో పిలిచారు. దిగి వెళ్లి చూస్తే, జుట్టు బాగా కురచగా కత్తిరించుకున్న పాతికేళ్ల కుర్రవాడు, చేతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన హాల్ టికెట్టు. తమది కంచిలి దగ్గర పల్లె అనీ, సైన్యంలో గగనతల రక్షణ విభాగంలో గన్నర్‌గా పని చేస్తున్నాననీ, గోపాల్‌పూర్‌లోని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీకి కోర్సు కోసం వచ్చాననీ, నేను పరీక్షల సంగతి చూసిపెడతానని ఇచ్ఛాపురంలో ఎవరో చెప్పగా వచ్చాననీ ఒక్క గుక్కలో చెప్పాడు. హాల్ టికెట్టు విప్పి చూశాను. దూరవిద్యలో బి.ఏ., నాలుగు పేపర్లు, అన్నీ డిసెంబరులోనే. పరీక్షా కేంద్రం మాత్రం పంజాబులోని ఒక పట్నం.

"ఫారం నింపినప్పుడు మా రెజిమెంటు అక్కడ ఉంది మాస్టారూ. అక్టోబరు నెలాఖరుకు నన్ను ఇక్కడికి పంపేశారు."

"సెలవు ఎన్ని రోజులు మిగిలింది బాబూ?"

"ఆరు."

నేను సైన్యంలో ఎడ్యుకేషన్ కోర్‌లో ఇరవై నాలుగేళ్లు పని చేసి హవల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. పచ్‌మఢీలో శిక్షణ పొందినప్పటి నుంచి ఇంటికి వచ్చేవరకు నా ఉద్యోగమంతా జవాన్లకు చదువు చెప్పడం, పరీక్షలు పెట్టించడం. తరువాత ఇక్కడి ఒక కళాశాలలో నడిచే దూరవిద్యా కేంద్రంలో ఏటా రెండుసార్లు ఇన్విజిలేటరుగా కూర్చుంటున్నాను. కాబట్టి ఆ కుర్రవాడు "ఆరు" అనగానే నాకు మిగిలిన కథ అంతా అర్థమైపోయింది. జవానుకు ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు, ముప్పై రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. వార్షిక సెలవు ఇతని చెల్లెలి పెళ్లికి వేసవిలోనే చెల్లిపోయింది. క్యాజువల్ సెలవులో చాలా భాగం అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చిన తరువాత, ఎగిరిపోయిన ఇంటి కప్పు వేయించడానికి, పడిపోయిన చెట్లు కోయించడానికి ఖర్చయింది. ఇక్కడి నుంచి పంజాబుకు రైల్లో పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. మిగిలిన రెండు రోజుల్లో నెల పొడుగునా చెదిరి ఉన్న నాలుగు పేపర్లు ఎవరు రాయగలరు?

దూరవిద్య గురించి మాట్లాడేవారు సాధారణంగా పుస్తకాల గురించి, పాఠాల గురించి, అసైన్‌మెంట్ల గురించి మాట్లాడతారు. జవానుకు ఆ చిక్కులేవీ పెద్దవి కావు. రాత్రి కాపలా దిగి వచ్చాక బ్యారక్‌లో మంచం మీద బోర్లా పడుకుని చదువుకునే కుర్రవాళ్లను వందల మందిని చూశాను. చిక్కంతా పరీక్ష దగ్గరే వస్తుంది, ఎందుకంటే పాఠం మనిషి ఎక్కడ ఉంటే అక్కడికి వస్తుంది గానీ, పరీక్ష మాత్రం మనిషినే ఫలానా ఊళ్లో ఫలానా గదిలో ఫలానా ఉదయం పది గంటలకు హాజరు కమ్మంటుంది. సైన్యం పనేమో ఆ మనిషిని అక్కడి నుంచి కదిలించడం. ఈ రెండు ఆజ్ఞల నడుమ నలిగేది సెలవు ఖాతా. అందులోనూ డిసెంబరు అంటే ఆ ఖాతా అడుగంటే నెల. జనవరి ఒకటో తారీఖున గానీ కొత్త లెక్క మొదలుకాదు. జూన్ పరీక్షలకు సెలవు ఉంటుంది కానీ, పిల్లల బడి సెలవులు, పెళ్లి ముహూర్తాలు ఆ వేసవిలోనే వచ్చిపడతాయి గనుక పల్టన్ (పటాలం)లో ప్రతివాడూ అప్పుడే అర్జీ పెడతాడు, అందరినీ ఒకేసారి వదలడం ఏ కమాండింగ్ అధికారికీ సాధ్యం కాదు.

ఆ సాయంత్రమే మేము అర్జీ రాశాం. అతడు చేరిన సంస్థకు మా కళాశాలలో కూడా ఒక పరీక్షా కేంద్రం ఉంది గనుక, కోర్సులో ఉన్నట్టు ధ్రువపత్రం జతచేసి, కేంద్రాన్ని బరంపురానికి మార్చమని కోరాం. సంస్థ పేరు ఇక్కడ చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు, ఏ సంస్థలోనైనా దాదాపు ఇదే జరుగుతుంది. సోమవారం ఫోను చేస్తే ఒక విభాగంవారు, గడువు దాటాక కేంద్రం మారదన్నారు. ఇంకొక విభాగంవారు, ఆ కేంద్రంవారు ఒప్పుకుంటే రాయవచ్చన్నారు. మా కేంద్రం సూపరింటెండెంటు గారిని అడిగితే, పై నుంచి కాగితం వస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. మాకు ఇచ్ఛాపురం దాటడం అంటే బస్సులో కండక్టరు మాట తెలుగు నుంచి ఒడియాకు మారడం, అంతే. పొద్దున కంచిలి నుంచి బయలుదేరినవాడు టిఫిను వేళకు బరంపురంలో ఉంటాడు. ఆ సరిహద్దు కార్యాలయాల ఫైళ్లలో మాత్రం చాలా ఎత్తుగా ఉంటుంది. ఇంటి చిరునామా ఒక రాష్ట్రం, ఉద్యోగం ఇంకొక రాష్ట్రం, పరీక్ష మూడో రాష్ట్రం అనేసరికి ఈ విద్యార్థి ఎవరి బాధ్యతో తేల్చడానికే వారం పట్టింది.

వచ్చిన చిత్రం ఏమిటంటే, అనుమతి సకాలంలోనే మంజూరైంది. ఆ సంగతి మాకు ఎవరూ ఫోనులో చెప్పలేదు. ఉత్తరాన్ని రికార్డులో ఉన్న చిరునామాకు టపాలో పంపారు. రికార్డులో ఉన్న చిరునామా, కేరాఫ్ 56 ఏపీఓ.

ఈ ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు, సంగతి సైన్యంతో సంబంధం లేనివారికి కాస్త చెప్పాలి. జవాను చిరునామాలో ఊరు పేరు, జిల్లా పేరు ఉండవు. పల్టన్ ఎక్కడ ఉందో బయటివారికి తెలియకూడదు. అతని నంబరు, హోదా, పేరు, యూనిట్, ఆ కింద 56 ఏపీఓ లేక 99 ఏపీఓ. మొదటి రకం ఉత్తరాలు ఢిల్లీలోని సైనిక తపాలా కేంద్రానికి, రెండో రకంవి కోల్‌కతాలోని కేంద్రానికి చేరి, అక్కడి నుంచి యూనిట్ ఉన్న చోటికి వెళ్తాయి. 1972లో పిన్‌కోడ్ పెట్టినప్పుడు 9తో మొదలయ్యే అంకెలను సైనిక తపాలాకే ప్రత్యేకించారు. ఏర్పాటు గొప్పదే, యూనిట్ కదిలితే ఉత్తరం దాని వెంట కదులుతుంది. యూనిట్‌ను అక్కడే ఉంచి మనిషి ఒక్కడు కోర్సుకు వెళ్లినప్పుడు మాత్రం ఉత్తరం అతని మంచం దాకా వెళ్లి, మనిషి లేడని తెలుసుకుని, మళ్లీ దారి పట్టవలసి వస్తుంది. దూరవిద్యా సంస్థల ఆన్‌లైన్ ఫారాలలో అయితే ఇంకొక చిక్కు. జిల్లా గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు, ఏపీఓకు జిల్లా లేదు. కుర్రవాళ్లు తోచిన జిల్లా ఏదో ఎంచుకుంటారు, పరీక్షా కేంద్రాల జాబితా ఆ జిల్లాను బట్టి వస్తుంది, అక్కడి నుంచి తప్పు మీద తప్పు.

ఆ అనుమతి పత్రం పంజాబు వెళ్లి, గోపాల్‌పూర్ తిరిగొచ్చి అతని చేతికి అందేసరికి రెండు పేపర్లు అయిపోయాయి.

మూడో పేపరు రోజు ఇన్విజిలేటరుగా నేనే ఉన్నాను. మా కేంద్రంలో ఒకే గదిలో ఏడెనిమిది రకాల పేపర్లు రాసేవారు కూర్చుంటారు. అంగన్‌వాడీ ఉద్యోగి పక్కన బ్యాంకు గుమాస్తా, ఆయన వెనక రిటైరైన తాసీల్దారు. పది గంటలకు పావుగంట ముందు ప్రశ్నపత్రాల పొట్లం తెచ్చి, సీలు చెదరలేదని ఇద్దరు విద్యార్థుల చేత సంతకం చేయించి, టైము రాసి, అందరి ఎదుట కత్తిరించాం. పొట్లంలో లెక్క కంటే ఒకటి రెండు ప్రతులు ఎక్కువ ఉండడం మామూలే కాబట్టి ఇతనికి ప్రశ్నపత్రం దొరికింది. హాల్ టికెట్టు మీద పాత కేంద్రం కోడును సూపరింటెండెంటు గారు ఎర్ర సిరాతో కొట్టి సంతకం చేశారు, అనుమతి పత్రాన్ని హాజరు పట్టికకు గుచ్చారు. గుర్తింపు కార్డు చూపమన్నాను. సైనిక గుర్తింపు కార్డు తీసి నా ముందు పట్టుకున్నాడు గానీ చేతి నుంచి వదలలేదు. పక్కనున్న మా కేంద్రం గుమాస్తా అలవాటుగా "జిరాక్సు ఇవ్వండి" అన్నాడు. కుర్రవాడు నా వైపు చూశాడు. ఆ కార్డుకు జిరాక్సు తీయకూడదన్న సంగతి నాకు తెలుసు. ఆధార్ ప్రతి తీసుకుని అతన్ని కూర్చోబెట్టాను. ఇంత చిన్న విషయం తెలియక పరీక్ష గుమ్మంలో వాగ్వాదానికి దిగిన కేంద్రాలు ఉన్నాయి.

రాజనీతి శాస్త్రం పేపరు. అతను చిన్నప్పుడు చదివింది తెలుగులో, ఉద్యోగంలో మాట్లాడేది హిందీలో, పరీక్ష రాసేది ఇంగ్లీషులో. మధ్యలో రెండుసార్లు అటువైపు వెళ్లినప్పుడు కాగితం మీదికి చూడకుండా ఉండలేకపోయాను. సమాఖ్య వ్యవస్థ గురించి వ్యాసం రాయమంటే, సైన్యంలో నివేదిక రాసినట్టు ప్రతి పేరాకు అంకె వేసి, ఉప పేరాలకు అక్షరాలు వేసి, ముఖ్యమైన పేర్లన్నీ పెద్ద అక్షరాలలో రాస్తున్నాడు. నేను నేర్పిన పద్ధతే అది! పరీక్షించేవారికి అది ఎలా కనిపిస్తుందో గానీ, నాకు మాత్రం ముచ్చటేసింది. ఒంటి గంటకు జవాబు పత్రాలు తీసుకుని, లెక్కపెట్టి, గుడ్డ అంటించిన కవర్లలో పెట్టి, కొవ్వొత్తి వెలిగించి లక్క కరగబెట్టి ఇత్తడి ముద్ర అద్దాం. ఆ కాలిన లక్క వాసన వస్తే గానీ పరీక్ష ముగిసినట్టు నాకు అనిపించదు. నాలుగో పేపరూ అలాగే రాశాడు. పోయిన రెండూ జూన్‌కు పడ్డాయి, వాటికి మళ్లీ రుసుము, మళ్లీ ఫారం, మళ్లీ సెలవు అర్జీ.

దీనికి మార్గం పరీక్షను పల్టన్ దగ్గరకే తీసుకెళ్లడం అని ఎవరికైనా తోస్తుంది, అది కొంతవరకు జరుగుతోంది కూడా. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నోకు) సైనిక కమాండుల వద్ద గుర్తింపు పొందిన ప్రత్యేక రీజినల్ సెంటర్లు ఉన్నాయి. నౌకాదళానికి విశాఖపట్నంలో ఉన్నటువంటివి వేరే ఉన్నాయి, అస్సాం రైఫిల్స్‌కు షిల్లాంగులో ఒకటి ఉంది. సైన్యానికి పరీక్షలు నడపడం కొత్త విద్య కాదు. పదోన్నతికి కావలసిన ఆర్మీ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్, మ్యాప్ రీడింగ్ పరీక్షలను అధికారుల బోర్డు వేసి, సీలు విప్పడం దగ్గర నుంచి అంతా పద్ధతిగా అదే జరిపించుకుంటుంది. గది ఉంది, బల్లలు ఉన్నాయి, గడియారం కూడా సరిగ్గా నడుస్తుంది.

అయినా పల్టన్ వారి చేతనే పల్టన్ వారికి డిగ్రీ పరీక్ష పెట్టించడం గురించి నాకు ఒక అభ్యంతరం ఉంది, అది అనుభవం మీద ఏర్పడింది. సర్వీసులో ఉండగా ఒక చలి ప్రాంతంలో, యూనిట్‌లోనే జరిగిన డిగ్రీ పరీక్షకు నన్ను పర్యవేక్షకుడిగా వేశారు. నేను హవల్దారును. రాసేవారిలో ఒక సుబేదార్ సాబ్ ఉన్నారు, నాకంటే రెండు మెట్లు పైన, పదిహేనేళ్లు పెద్ద. గంట గడిచాక ఆయన గ్రేట్‌కోటు మడతల్లో పుస్తకం కనిపించింది. బయటి కేంద్రంలో అయితే పుస్తకం లాక్కుని కేసు రాసేవాణ్ణి. అక్కడ నిలబడి రెండు నిమిషాలు ఆలోచించి, "సాబ్, ఆ పుస్తకం నా దగ్గర ఉంచుతాను, మీకు రాసుకోవడానికి వీలుగా ఉంటుంది" అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, ఏమీ అనకుండా అందించారు. నేను రిపోర్టు రాయలేదు. ఆ ఏడాది నా సెలవు అర్జీ రెండుసార్లు తిరిగొచ్చింది. రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, లేదని నమ్మనూ లేను. రిపోర్టు రాయకపోవడం నా తప్పే. ఆ తప్పు చేయవలసిన స్థితిలో ఒక హవల్దారును కూర్చోబెట్టడం కూడా తప్పే అంటాను. దీనికి తిరగేసిన రకం ఇంకొకటి ఉంది. పర్యవేక్షకుడు అధికారి, రాసేవాడు ఆయన సొంత జవాను అయితే, తన కుర్రవాడు తప్పడం ఆయనకే ఇష్టం ఉండదు.

అందుకే గది సైన్యానిది కావాలి, పర్యవేక్షకుడు మాత్రం బయటివాడు కావాలి. దగ్గరి కళాశాల నుంచి ఒక లెక్చరర్ వచ్చి, ప్రశ్నపత్రాలు తానే తెచ్చి, జవాబు పత్రాలు తానే సీలు వేసి తీసుకెళ్తే, పల్టన్ చేయవలసింది గేటు పాసు, జీపు, మధ్యాహ్నం భోజనం. బరంపురం నుంచి గోపాల్‌పూర్‌కు గంటలోపు ప్రయాణం. ఒక లెక్చరర్ కదలడం కంటే పాతిక మంది జవాన్లు సెలవు పెట్టి కదలడం సులువని ఎవరు లెక్క కట్టారో నాకు తెలియదు.

అమెరికా సైన్యంలో ఈ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే 1942లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో సైనికుల కోసం పోస్టు ద్వారా చదువు చెప్పే సంస్థ పెట్టారు. అది 1974లో మూతపడిన తరువాత, డాంటెస్ అనే విభాగం ఆ పనిలో కొంత భాగాన్ని అందుకుంది. అక్కడ సైనిక స్థావరాలలో విద్యాకేంద్రాలు ఉంటాయి. చాలా కళాశాలలు ఆ కేంద్రంలోని ఉద్యోగినో, గ్రంథాలయ అధికారినో పర్యవేక్షకుడిగా ఒప్పుకుంటాయి. బంధువును, స్నేహితుణ్ణి ఒప్పుకోవు. చేరిన విద్యార్థి, చదివి పరీక్ష రాసే విద్యార్థి ఒక్కరేనని దూరవిద్యా సంస్థలు సరిచూసుకోవాలని 2008లో అక్కడ చట్టమే చేశారు. మనకు నచ్చవలసింది ఏమిటంటే, పరీక్ష ఏర్పాటు అడగడం అక్కడ విద్యార్థి దయనీయంగా తిరిగే పని కాదు, ఫారంలో ఒక గడి.

కెమెరా ముందు పరీక్ష పెడితే సరిపోతుంది కదా అని మా అబ్బాయి అంటాడు. వాడు సాఫ్ట్‌వేరు. ఆ పద్ధతిలో మొదట విద్యార్థి తన గదినంతా కెమెరా తిప్పి చూపించాలి. బ్యారక్ లోపల కెమెరా తిప్పిన జవాను పరీక్ష తప్పడం కంటే పెద్ద ఇబ్బందిలో పడతాడు. 2020 జూలైలో సైన్యం ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని ఆదేశించింది. అలాంటి చోట ఎవరిదో సర్వరుకు మూడు గంటల పాటు గది దృశ్యం పంపడానికి ఏ అధికారి సంతకం పెడతాడు?

ఇప్పుడు ఇది మరింత తొందర పని అయింది. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడే అగ్నివీరుల కోసం ఇగ్నో ద్వారా మూడేళ్ల డిగ్రీని కూడా ప్రకటించారు, అందులో సగం క్రెడిట్లు సైనిక శిక్షణకే ఇస్తారు. మిగిలిన సగం చదివి సంపాదించాలి. వారి ఉద్యోగం నాలుగేళ్లు, ఆ తరువాత నిలిచేది నూటికి ఇరవై ఐదుగురి వరకే. మా గన్నర్ కుర్రవాడికి పోయిన పేపరు ఆర్నెల్లకు వాయిదా పడింది. మామూలు విద్యార్థికి మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువు ఉంటుంది కాబట్టి అతడు ఓర్చుకోగలిగాడు. అగ్నివీరుడికి యూనిఫాం విప్పే తేదీ ముందే రాసిపెట్టి ఉంటుంది. ఉద్యోగం వెతుక్కునే నాటికి చేతిలో డిగ్రీ ఉండడానికీ, రెండు పేపర్లు మిగిలి ఉండడానికీ చాలా తేడా. 2023 మార్చి 28న చిల్కా నౌకాదళ కేంద్రంలో తొలి అగ్నివీరుల పాసింగ్ అవుట్ పరేడ్ జరిగినప్పటి నుంచి మా వైపు కుర్రవాళ్ల ఫోన్లు నాకు ఎక్కువయ్యాయి.

వారికి నేను చెప్పేది ఇదే. ఫారం నింపే ముందు హెడ్ క్లార్కును, వీలైతే యూనిట్ పరిపాలన చూసే అడ్జుటెంట్ సాబ్‌ను అడిగి, పరీక్షల నెలలో మీరు ఎక్కడ ఉంటారో కనుక్కోండి. స్థలం చెప్పకపోయినా, ఇక్కడ ఉండకపోవచ్చు అని మాత్రం చెబుతారు. అనుమానం ఉంటే సొంత ఊరి దగ్గర కేంద్రం పెట్టి, వార్షిక సెలవును దానికి కలపండి, చెల్లెలి పెళ్లికైనా జూన్ ముహూర్తం చూడమనండి. అన్ని పేపర్లూ ఒక్కసారి కట్టకండి, డేట్ షీటులో ఇరవై రోజుల లోపు ఇమిడేవే కట్టండి. ఉత్తరాల చిరునామాగా ఇంటి చిరునామా ఇవ్వండి. తండ్రి ఉత్తరాన్ని ఫోటో తీసి పంపడం 56 ఏపీఓ కంటే త్వరగా అవుతుంది.

ఆ గన్నర్ కుర్రవాడు మిగిలిన రెండు పేపర్లు 2019 జూన్‌లో మా కేంద్రంలోనే రాశాడు. ఈసారి సెలవు పెట్టుకుని ఇంటి నుంచి వచ్చాడు, వస్తూ తిత్లీకి బతికిన చెట్లవని నాలుగు కొబ్బరికాయలు తెచ్చాడు. పేరాలకు అంకెలు వేయడం మానలేదు, అయినా పాసయ్యాడు. వచ్చే ఆదివారం అతని పల్లె నుంచే ఇద్దరు అగ్నివీరులు సెలవులో వస్తున్నారు. ఫారం అంతా నింపినా సరే, సెంటరు గడి మాత్రం ఖాళీగా ఉంచి తీసుకురమ్మని చెప్పాను.